ఊఁ కొట్టడం వేరు

మా అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు ప్రతి వాక్యం తర్వాతా ఆగేది. మేం ఊఁ అంటేనే కథ ముందుకు కదిలేది. ఊఁ రావడం కాస్త ఆలస్యమైతే "పడుకున్నారర్రా?" అని అడిగి, జవాబు లేకపోతే కథ అక్కడికక్కడ ఆపేసి తనూ పడుకునేది. ఊఁ అంటే మెలకువగా ఉన్నాం, వింటున్నాం, కానియ్యి అని. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోతున్నాడన్నా మేం ఊఁ అనే అనేవాళ్ళం. అంతమాత్రాన ఆ రాక్షసుడు చేసిన పని మాకు సమ్మతమని అమ్మమ్మ ఎప్పుడూ అనుకోలేదు. ఇంత చిన్న సంగతిని ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో చదువుకున్న పెద్దమనుషులకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను నానా తంటాలూ పడ్డాను.

మాది గోదావరి జిల్లా. డెబ్భైల్లో మా ఆయనకు పోర్టులో ఉద్యోగం వచ్చి మల్కాపురంలో కాపురం పెట్టాం. నాకు అక్కడి బడిలోనే తెలుగు టీచరుగా పని దొరికింది. ఆరేసిన చీర మీద సాయంత్రానికి ఎర్రటి దుమ్ము, గాలి ఇటు తిరిగితే రిఫైనరీ వాసన, ఇవి రెండూ ఇంట్లో మనుషుల్లాగే మాతోపాటు ఉండేవి. నా అండీలు విని పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళ నాను, ఏటి విని నేను నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి ఎవరికీ నవ్వు రావడం మానేసింది.

గాజువాక వెళ్ళే దారిలో అప్పట్లో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు ఆ భవనం కూడా లేదు. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్ళకి ఉచితంగా మందులిచ్చేవారు. ఆ ఆసుపత్రిలో ఒక కొత్త మందు మీద పరిశోధన చేయాలని తలపెట్టారు. డబ్బిచ్చేవాళ్ళు ఒక షరతు పెట్టారట. మనుషుల మీద ఏ మందు పరీక్షించాలన్నా ముందుగా ఒక కమిటీ కూర్చుని అది న్యాయమో కాదో చూడాలి, ఆ కమిటీలో డాక్టరు కానివాళ్ళు కూడా ఉండాలి, అందులో ఒకరు ఆ చుట్టుపక్కల వాళ్ళయి ఉండాలి. ఆ ఒకరి కోసం వెతుకుతూ మా బడికి వచ్చారు. తెలుగు పంతులమ్మ అయితే గొడవ చేయదనుకున్నారు కాబోలు.

కమిటీకి ఛైర్మన్ రిటైరైన పెద్ద డాక్టరు. మంచి మనిషే. కాకపోతే మధురవాడ వైపు ఆయనకు ఒక జీడిమామిడి తోట ఉండేది, ఏ మాట మొదలుపెట్టినా అరగంటలో ఆ తోటకి చేరేవారు. అప్పుడు మధురవాడ అంటే ఊరవతల తోటలే. ఎప్పుడో ఒకసారి వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి వెళితే చాలమ్మా అన్నారు నాతో. ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఒకటే నవ్వు. పాపం, నీ సంగతి తెలియక పిలిచారు అన్నాడు. నేను ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టని ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

మొదటి సమావేశంలో పరిశోధన చేయబోయే డాక్టరమ్మ వచ్చి అంతా వివరించింది. చిన్న వయసు, కళ్ళ కింద నిద్రలేని నలుపు. పొద్దస్తమానం రోగుల మధ్యే ఉంటుందని చూస్తేనే తెలిసేది. ఆయాసం ఉన్నవాళ్ళని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకి కొత్త మందు. రెండో జట్టుకి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి బిళ్ల, లోపల మందేమీ ఉండదు. ఎవరికి ఏది ఇస్తున్నదీ రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆ కొన్ని వారాలూ రోజూ వాడే పాత బిళ్లలు మానేయాలి. ఉత్తి బిళ్ల ఎందుకు అని అడిగాను. మందు వేసుకున్నామన్న ధైర్యానికే కొంతమందికి నయమనిపిస్తుంది, ఆ ధైర్యం ఎంతో తీసేస్తే గానీ మందు బలం తెలియదు అని ఓపిగ్గా చెప్పింది. అది నాకు సబబుగానే తోచింది. ఎవరో ఒకరు ముందు వేసుకుని చూడబట్టే కదా, మనం ఇవాళ ఏ మందైనా భయం లేకుండా మింగుతున్నది.

నేను అడిగింది ఒకటే. ఇందులో చేరేవాళ్ళకి ఈ ఉత్తి బిళ్ల సంగతి తెలుసా అని. ఆమె వెంటనే తెలుసంది. తెలుగులో రాసిన కాగితం ప్రతి ఒక్కరికీ తానే చదివి వినిపించిందట, ఇంతవరకూ అడిగిన వాళ్ళంతా ఒప్పుకున్నారట, ఒక్కరు కూడా వద్దనలేదట. ఛైర్మన్ గారు సంతోషంగా తలూపి కాగితం నా వైపు జరిపారు. మిగతా అందరి సంతకాలూ అయిపోయాయి. ఆ తెలుగు కాగితం ఒకసారి చూశాక పెడతానండీ అన్నాను. ఆయన ముఖం కొంచెం మారింది.

ఒక్కరు కూడా వద్దనలేదన్న మాట నాకు మింగుడు పడలేదు. మా బడిలో రేపు సెలవు అని చెప్పినా ఎందుకండీ అని అడిగేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు.

మా వీధికి చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. నాకన్నా పెద్దది. బుట్ట మా అరుగు మీద దించి, గోడకి చేరబడి, కాసేపు ఊపిరి కూడదీసుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టేది. బేరంలో మాత్రం ఆయాసం ఎక్కడికి పోయేదో తెలియదు. కొంగున ముడేసి ఆసుపత్రి బిళ్లలు ఉండేవి. వాటిని ముట్టుకుని చూసుకోవడం ఆమెకి అలవాటు. ఆ బిళ్లలు లేకపోతే గుమ్మం దాటలేనని ఎన్నిసార్లో చెప్పింది. మొగుడు పోయాడు, కొడుకు పెళ్ళాం మాట విని వేరే పోయాడు. బుట్ట తలకెత్తితేనే ఆవిడకి పొయ్యి వెలిగేది.

ఆ వారంలోనే ఒకరోజు సంబరంగా వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కొత్త బిళ్లలు ఇస్తుందట, మంచి జోరైన మందట, సోమవారం నుంచి మొదలట. పాతవి తెచ్చి ఇచ్చేయమన్నారట. అందులో సగమందికి ఇచ్చేవి మందులేని ఉత్తి బిళ్లలని నీకు చెప్పారా అని అడిగాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని.

"అలగేటీ సెప్పనేదు. ఏదో కాయితం సదివింది. నాను ఊఁ కొట్టాను."

"అయితే ఒప్పుకున్నావన్నమాట."

"ఊఁ కొట్టాను గానీ, నన్నెవలూ అడగనేదు పంతులమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది. ఈవిడకి ఉత్తి బిళ్ల వస్తే? ఒంటరిగా ఉండే ఇంట్లో ఊపిరాడకపోతే? కొత్త మందు పనిచేయడం లేదనుకుని ఓర్చుకుంటుందే తప్ప, తను మింగుతున్నది మందే కాకపోవచ్చని ఆవిడకి తోచదు. అయితే వద్దని చెప్పెయ్యి అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, వద్దంటే పాత బిళ్లలు కూడా ఆపేస్తే ఎలా అంది. ఆసుపత్రి వాళ్ళతో పేచీ పెట్టుకుని ఎక్కడికి పోతానంది. ఆసుపత్రి వాళ్ళతో నేను మాట్లాడేదాకా కొంగున ఉన్న బిళ్లలు మాత్రం ఎవరికీ ఇవ్వద్దని చెప్పి పంపాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో బల్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. డాక్టరమ్మ వాళ్ళ ఎదురుగా స్టూలు వేసుకుని కాగితం చదువుతోంది. నన్ను చూసి నవ్వి, చదవడం ఆపలేదు. "ఈ అధ్యయనమునందు పాల్గొను వ్యక్తులకు యాదృచ్ఛికముగా ఔషధము గానీ ఔషధరహిత గుళిక గానీ ఇవ్వబడును" అంది. వాళ్ళు ఊఁ అన్నారు. ఇంకో వాక్యం చదివింది. మళ్ళీ ఊఁ. అచ్చం మా అమ్మమ్మ మంచం చుట్టూ మేం కూర్చున్నట్టే ఉంది. ముప్పొద్దులా తెలుగు చెప్పుకు బతికే నాకే ఆ ఔషధరహిత గుళిక గొంతులో అడ్డం పడింది, మరి వాళ్ళకి ఏం దిగి ఉంటుంది? చదవడం అయిపోగానే ఆమె ఒక్కొక్కరి పేరు పక్కనా టిక్కు పెట్టింది.

పక్కకి పిలిచి, వీళ్ళు ఒప్పుకున్నట్టు మీకెలా తెలిసిందమ్మా అని అడిగాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీరూ విన్నారు కదా మేడమ్, ప్రతి మాటకీ ఊఁ అన్నారు" అంది. అందులో కపటం లేదు. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో ఇంగ్లీషులో పెరిగిన పిల్ల, ఇంట్లో వాళ్ళమ్మ ఊఁ అంటే సరే అనే అర్థమట. నిజమే, ఊఁకి ఆ అర్థం కూడా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కథ చెప్పి ఊఁ కొట్టించుకోవడం ఆమె ఎరగదు. నేను చెప్పబోతే, ఇప్పటికే ఆలస్యమైందని, సోమవారం మొదలుపెట్టకపోతే పరిశోధనే పోతుందని, కమిటీలో అడగండని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం.

నా ఒక్క సంతకం కోసం ఛైర్మన్ గారు శనివారం మళ్ళీ అందరినీ పిలిచారు. నేను మొదలుపెట్టకముందే, ఇంతమంది చదువుకున్నవాళ్ళు చూసి బాగుందన్నదానికి మీరు అడ్డం పడటం ఏం బాగులేదమ్మా అన్నారు. ఆడవాళ్ళు విన్నారు గానీ ఒప్పుకోలేదండీ అన్నాను. రెంటికీ తేడా ఏమిటన్నారు. నాకు తెలిసిన తీరున చెప్పి చూశాను, అమ్మమ్మ కథ కూడా చెప్పాను. కమిటీలో ఉన్న లాయరు గారు చిన్నగా నవ్వారు. ఇది తెలుగు క్లాసు కాదన్నారు ఇంకొకాయన. అలా కాదని, కనీసం ఆ తెలుగు కాగితం ఒకసారి అందరి ముందూ చదువుతాను, విని చెప్పండి అన్నాను. మీ ముచ్చట ఎందుకు కాదనాలి, చదవండి అని ఛైర్మన్ గారు తన ముందున్న ఫైళ్ళు తీసి సంతకాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

నేను లేచి నిలబడి బడిలో పాఠం చదివినట్టు చదివాను. మొదటి వాక్యానికి ఆయన తల ఎత్తకుండా ఊఁ అన్నారు. ఆయన అన్నారు కాబట్టి మర్యాదకి మిగతావాళ్ళూ అన్నారు. రెండో వాక్యానికీ అంతే. ఔషధరహిత గుళిక దగ్గరా అంతే. అప్పుడు గొంతు ఏమాత్రం మార్చకుండా, కాగితం మీంచి చూపు తిప్పకుండా, ఇంకో వాక్యం కలిపాను. "మధురవాడ యందు గల ఛైర్మన్ గారి జీడిమామిడి తోటను కమిటీ సభ్యులందరికీ సమభాగములుగా పంచి ఇవ్వడమైనది."

"ఊఁ" అన్నారు ఛైర్మన్ గారు.

నేను చదవడం ఆపేశాను. లాయరు గారి చేతిలో టీ కప్పు సాసరు మీద గలగలమంది. ఊఁ వచ్చాక తర్వాతి వాక్యం రాకపోవడంతో ఛైర్మన్ గారు తలెత్తి, కానివ్వండమ్మా అన్నారు.

"కానిచ్చేశామండీ. తోట ఎప్పుడు అప్పజెబుతారు?" అన్నాను.

లాయరు గారు విషయం వివరించేసరికి ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది. ఇది కమిటీయా, వేళాకోళమా అన్నారు. నేను కూర్చోలేదు.

"మీరు ఒప్పుకున్నారండీ. ఊఁ అన్నారు, అందరూ విన్నారు."

"వింటున్నానని ఊఁ అన్నానమ్మా."

"ఆవిడా అందుకే అందండీ. మీ తోట ఎక్కడికీ పోదు. సోమవారం ఆవిడ కొంగున ఉన్న బిళ్లలు మాత్రం పోతాయి."

ఆవిడ ఎవరని అడిగారు. బుట్ట గురించీ, మా అరుగు గురించీ, వద్దంటే పాత బిళ్లలు కూడా ఆగిపోతాయేమోనన్న భయం గురించీ చెప్పాను. ఛైర్మన్ గారు తేరుకుని, ఇదంతా మళ్ళీ మొదలుపెడితే నెలలు పడుతుంది, డబ్బు వెనక్కి పోతుంది, ఆ నష్టం కూడా ఇక్కడి రోగులదే అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఆవిడకి తెలియకుండా ఆవిడ బిళ్లలు ఆపే కాగితం మీద నేను సంతకం పెట్టను, ఎందుకు పెట్టలేదో రాసి మరీ ఇస్తాను అన్నాను. ఇంకెవరినైనా పంతులమ్మని వెతుక్కోండి అని కూడా అన్నాను. ఆ మాట కొంచెం ఎక్కువే అయింది.

ప్రశ్నలకి జవాబు చెప్పడానికి మూలన కూర్చున్న డాక్టరమ్మ అప్పుడు లేచింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"నేను మళ్ళీ అడుగుతాను సార్. అందరినీ మొదటి నుంచి అడుగుతాను" అంది.

అంతటితో అయిపోలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కూర్చున్నామో, ఎన్నిసార్లు వాదించుకున్నామో. కాగితం ఆ ఆడవాళ్ళ మాటల్లో ఉండాలని నేనంటే, ఆసుపత్రి పరువేం కావాలి అన్నారు. విన్నవాళ్ళు తమకి అర్థమైంది తిరిగి తమ మాటల్లో చెప్పాలి అంటే, అంత టైమెక్కడిది అన్నారు. ఊఁ లెక్కలోకి రాదు, వస్తానని గానీ రానని గానీ నోటితో అనాలి అన్నాను. రానన్నవాళ్ళకి అదే రోజు, అదే కిటికీ దగ్గర, పాత బిళ్లలు ఎప్పటిలాగే ఇవ్వాలి అన్నాను. వస్తామన్నవాళ్ళ దగ్గర కూడా అవసరానికి పాత బిళ్లలు ఉండనివ్వాలని డాక్టరమ్మే పట్టుబట్టింది. ఒక్కొక్కటీ పన్ను పీకినట్టు పీకాల్సి వచ్చింది. ఆ వేసవిలో ఛైర్మన్ గారు సభ్యులందరికీ తోటలో జీడిపప్పు పంపించారు, నాకు తప్ప. మా ఆయన చాలా రోజులు, నీ భాగం తోటే ఉండగా పప్పెందుకు అని ఆటపట్టించాడు.

కొత్త కాగితం మా అరుగు మీద రాశాం. డాక్టరమ్మ సాయంత్రాలు వచ్చి కూర్చునేది. ఔషధరహిత గుళిక ఉత్తి బిళ్ల అయింది. యాదృచ్ఛికము పెద్ద తలనొప్పి పెట్టింది, చివరికి చీటీలు తీసినట్టు అని రాశాం. అధ్యయనమునందు అన్న మాట కొట్టేస్తుంటే నా వృత్తికి నేనే ద్రోహం చేస్తున్నట్టనిపించింది, కానీ కొట్టేశాను. ఆమె వేరే ఊళ్ళోంచి వచ్చిన మాటల్ని నోట్లో తిప్పుకుని నేర్చుకున్నట్టు, సెప్పడం, ఇనడం అంటూ పలికి నవ్వేది. అప్పటికి మా ఇద్దరి మధ్యా కోపాలు పోయాయి.

మళ్ళీ అడిగే రోజు నన్నూ రమ్మంది, ఒక షరతు మీద. చేపలావిడ వచ్చినప్పుడు నేను నోరు విప్పకూడదు, కన్నుతో సైగ చేయకూడదు. "మీరు ఊఁ కూడా అనకూడదు మేడమ్" అంది. అది న్యాయమే. ఆవిడ వద్దనాలని నా మనసులో ఎంత ఉందో నాకు తెలుసు. అది నా కోరిక, ఆవిడది కాదు. గోడవార కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ బుట్ట వరండాలో దించి వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, నిదానంగా చెప్పింది. అలవాటు కొద్దీ ఆవిడ ఊఁ అంది. డాక్టరమ్మ ఆగింది. ఊఁ అనకమ్మా, నేను చెప్పినదాంట్లో నీకేం తెలిసిందో నాకు చెప్పు అంది. ఆవిడ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆవిడ వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది.

"నాకిచ్చేది మందో ఉత్తి బిళ్లో నాకూ తెల్దు, నీకూ తెల్దు. రోజూ ఏసుకునీ బిళ్ల మానీయాల. ఆయాసం పెద్దదైతేనే ఏసుకోవాల, ఏసుకుని కబురెట్టాల. అంతేనా?"

"అంతేనమ్మా."

"ఈ మాట ముందేల సెప్పనేదు?"

డాక్టరమ్మ కళ్ళు దించుకుంది. చెప్పాననుకున్నాను అని, ఇప్పుడు అడుగుతున్నాను, వస్తావా రావా అంది.

"నాను రానమ్మా. నాకు బుట్టుంది" అంది ఆవిడ.

అలాగేనమ్మా అని డాక్టరమ్మ రాసుకుంది. ఇంకోసారి ఆలోచించమనలేదు, బతిమాలలేదు. ఆవిడ లేచింది గానీ బుట్ట దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా మందుల కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. నాకప్పుడు తెలిసింది, ఆవిడకి అసలు పరీక్ష అక్కడ. మేం కమిటీలో ఎన్ని రాసుకుంటే ఏం? రానన్న నోటితో బిళ్లలు అడిగితే ఇస్తారా ఇవ్వరా అన్నదే ఆవిడకి తేలాలి. కిటికీ లోపలున్న కాంపౌండరు ఆగి, డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ చాపిన చెయ్యి అలాగే ఉంది. డాక్టరమ్మ తలూపింది. అతను డబ్బా మూత తీసి ఎప్పటి తెల్ల బిళ్లలు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

ఆవిడ వాటిని కొంగున ముడేసుకుంది. ముడి ఒకసారి లాగి చూసుకుంది. బుట్ట ఎత్తమని నన్ను పిలిచింది. ఆ తర్వాత బల్ల మీద కూర్చున్న మిగతా ఆడవాళ్ళలో చాలామంది వస్తామన్నారు, ఇంకొందరు రామన్నారు, పరిశోధన ఆలస్యంగానైనా జరిగింది. మందు నిజంగానే మంచిదని తేలింది, కొన్నాళ్ళకి ఆవిడా అదే వేసుకుంది. అవన్నీ తర్వాతి మాటలు. ఆ రోజు మటుకు బుట్ట ఒక చెవి నేనూ, ఒక చెవి ఆవిడా పట్టుకుని ఉండగా మెల్లగా అంది.

"అప్పుడు ఇన్నాను పంతులమ్మా. ఇప్పుడు అడిగారు."

బుట్ట తలమీదికి ఎత్తాను. ఆవిడ గేటు దాటి రోడ్డెక్కి, సేపలో అని కేక పెట్టింది. ఆ కేక మల్కాపురం మలుపు తిరిగేదాకా విన్నాను. మధ్యలో ఎక్కడా తెగలేదు.